వేదిక మీద మా అప్ప చెయ్యి

మా బావకూ నాకూ ఇరవై ఏళ్లు పడలేదు. ఆయన మా అప్ప మొగుడు. మా ఉద్దానంలో అక్కను అప్ప అనే అంటాం. నేను ఎర్రజెండా పట్టినవాణ్ని, ఆయన దానికి సరిగ్గా ఎదురు జెండా. పెళ్లిలో కలిసినా, పరామర్శలో కలిసినా తగువే. తుఫానుకు కొబ్బరిచెట్లన్నీ కూలిపోయిన ఏడు కూడా, ఆ చెట్ల మధ్యనే నిలబడి, పరిహారం ప్రభుత్వం ఇవ్వాలా, రైతే బీమా కట్టుకోవాలా అని గొంతులు చించుకున్నాం. అప్ప అన్నానికి పిలిస్తేగానీ ఆగలేదు.

అప్పకు కిడ్నీలు పోయి మూడేళ్లయింది. మా ఊళ్లో అదేమీ వింత కాదు. వారానికి మూడుసార్లు ఆటోలో పలాస వెళ్లి డయాలసిస్ చేయించుకుంటుంది. అందుకోసం చేతికి చిన్న ఆపరేషన్ చేసి రెండు రక్తనాళాలను కలిపారు. అక్కడ వేలు పెడితే లోపల సన్నగా అదురుతూ ఉండేది. ఆ అదురు ఉన్నంతకాలమే ఆ చేతికి సూది గుచ్చి రక్తం శుభ్రం చేయగలరు. ఆ చేతికి బిగుతుగా గాజు వేయకూడదు, దానితో బిందె ఎత్తకూడదు, బీపీ పట్టీ కూడా చుట్టనివ్వకూడదు. ఇది మా ఇంట్లో పిల్లలకు కూడా తెలుసు. పొద్దున్న లేవగానే అప్ప ఆ చేతిని చెవి దగ్గర పెట్టుకుని వినేది. ఆ తర్వాతే పక్క మీంచి దిగేది.

ఆ డయాలసిస్ మీద కూడా కొట్టుకున్నాం మేం, సిగ్గులేకుండా. ప్రైవేటు వాళ్లను రానిస్తే డయాలసిస్ మంచాలు పెరుగుతాయని ఆయన. ప్రాణాలతో వ్యాపారమేమిటి, ప్రభుత్వమే నడపాలని నేను. రోజుకు ఇన్నే అని కొలిచిన నీళ్లు గ్లాసులో పట్టుకుని అప్ప మా మొహాలు చూసేది. ఆవిడకు కావలసింది అంత దూరం ఆటో కుదుపులు లేకుండా, ఊరికి దగ్గరలో ఒక డయాలసిస్ మంచం. అది ఎవరు వేస్తే ఆవిడకేం?

ఈమధ్య ఎన్నికల్లో పార్లమెంటు సీటు కోసం మా రెండు జెండాలూ చేతులు కలిపాయి. ఎడమ, కుడి అనే రోజులు పోయాయి, ఇక మిగిలింది ప్రజలే అని మా నాయకుడు చెప్పాడు. బావ వాళ్ల నాయకుడూ అక్షరం పొల్లుపోకుండా అదే చెప్పాడు. నిజం చెప్పొద్దూ, నాకా మాట నచ్చింది. బావకూ నచ్చింది. వయసు మీద పడింది, అరిచే ఓపిక తగ్గింది. ఆ సాయంత్రం ఇద్దరం అరుగు మీద కూర్చుని, మొట్టమొదటిసారి, గొడవ లేకుండా టీ తాగాం.

రెండు పార్టీలూ కలిసి కాశీబుగ్గలో పెట్టే సభలో ఒక రోగిని వేదిక మీద కూర్చోబెట్టి, ఆవిడ చేతే అర్జీ ఇప్పిస్తే మంచం వచ్చి తీరుతుందన్నారు పార్టీవాళ్లు. అప్ప రానంది. మేమిద్దరం చెరోపక్కా కూర్చుని ఒప్పించాం.

వేదిక మీద రెండు జెండాల రంగుల రిబ్బన్లూ కలిపి మెలేసి, ముంజేతికి కడుతున్నారు. కెమెరా వైపున్న చేతికే కట్టమన్నారు. అది ఆ చెయ్యి. అప్ప నా వైపు తిరిగింది.

"ఈ సెయ్యి ఒద్దురా."

"రెండు నిమిషాలేనప్పా," అన్నాను.

చెయ్యి నేను పట్టుకున్నాను. ఫొటోలో జారిపోకుండా ముడి గట్టిగా బిగించింది బావ.

నాయకులిద్దరూ ఆ చేతిని గాల్లోకి ఎత్తారు. జనం ఈలలు వేశారు. తర్వాత ఉపన్యాసాలు, రెండు గంటలు. సిద్ధాంతాలు దాటి వచ్చామని ఒకరు, గోడలు కూల్చామని ఒకరు. అప్ప ఇచ్చిన అర్జీ ఎవరో తీసుకుని కుర్చీలో పెడితే, ఇంకెవరో వచ్చి దాని మీదే కూర్చున్నారు. అంతమంది ముందు ముడి విప్పుకోవడానికి మొహమాటపడి, అప్ప చెయ్యి ఒళ్లో పెట్టుకుని అలాగే ఉండిపోయింది. మేమిద్దరం కిందికి దిగి, పక్కపక్కన కూర్చుని చప్పట్లు కొట్టాం. ఛీ! తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లంతా కంపరం. సిద్ధాంతాన్ని దాటినవాడికి అవతల మనిషి కనిపించాలి కదా. వాళ్లకు కెమెరా కనిపించింది. వాళ్లననుకుని ఏం లాభం, మాకు మాత్రం ఏం కనిపించింది?

మర్నాడు పొద్దున్న అప్ప చేతిని చెవి దగ్గర పెట్టుకుని చాలాసేపు కదల్లేదు.

"ఏటీ ఇనబడ్నేదు," అంది.

పలాసలో చెయ్యి తడిమి చూసి, వెంటనే శ్రీకాకుళం తీసుకెళ్లమన్నారు. అక్కడ నాళంలో రక్తం గడ్డకట్టిందన్నారు. ఆ చెయ్యి ఇక పనికిరాదట. డయాలసిస్ కోసం మెడలోకి గొట్టం దింపారు. వరండాలో నిలబడి ఉంటే ఇద్దరి ఫోన్లూ ఒకేసారి మోగాయి. ఎత్తిన చేతి ఫొటో. బాగా వచ్చిందట, ఫ్లెక్సీ వేయిస్తున్నారట. బావ ఫోను జేబులో కుక్కేసి గోడవైపు తిరిగాడు.

డాక్టరు మమ్మల్ని లోపలికి పిలిచాడు. అప్ప చేతి మీద రిబ్బన్ల గీతలు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. ఈ చేతికి ఏం కట్టారు, ఎవరు కట్టారు అని అడిగాడు. నాయకుల పేర్లు చెప్పడానికి బావా నేనూ ఒకేసారి నోరు తెరిచాం.

అప్ప మెడ తిప్పలేక, పైకప్పు చూస్తూనే చెప్పింది.

"మావోల్లే బాబూ. ఒకలు పట్టుకున్నారు, ఒకలు కట్టినారు. ఇన్నాల్లకి ఇద్దరూ ఒకటయినారు."