మేనత్త టేకు పెట్టె

బతికున్న మనిషికి శవపేటిక కొన్నవాళ్ళు బీదర్‌లో ఇంకెవరైనా ఉంటే ఉండొచ్చు గాని, మామూలు కట్టె ధరకు టేకు పెట్టె కొట్టుకొచ్చినవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే. ఈ మాట ఇన్నేళ్ళుగా గొప్పగానే చెప్పుకుంటూ వచ్చాను. మొన్న మా పాత గోదాము ఖాళీ చేయిస్తుంటే, పాత కట్టె కొనే మేస్త్రీ ఒకాయన వచ్చి, గోనెసంచుల కింద ఉన్న ఆ పెట్టెను చూసి, వేలి కణుపుతో తట్టి, "సేటూ, అసలు మాలంటే ఇది! ఎవరి కోసం దాచిండ్రు?" అన్నాడు. జవాబు నోటి దాకా వచ్చింది. చాయ్ తెప్పించి మాట దాటేశాను.

అది మా మేనత్త కోసం కొన్నది. ఆమె నర్సు. పెళ్ళి చేసుకోలేదు. మాది ఇనుప సామాన్ల దుకాణం. నాన్న గల్లా మీద కూర్చుంటే, అత్త డ్యూటీ దిగి వచ్చి త్రాసు దగ్గర నిలబడి మేకులు తూచేది. మా చర్చి గల్లీలో ఎవరింట్లో చావు జరిగినా ముందు వెళ్ళి పొయ్యి వెలిగించి అందరికీ చాయ్ పెట్టేది. ఏడుపు ఆ తర్వాత, తీరిక దొరికితే. నేను ఆ త్రాసు పక్కనే పెరిగాను. ఇనుప దుకాణంలో నేర్పే చదువు ఒకటే: బరువుంటే మాలు మంచిది, తేలికగా ఉంటే ఎక్కడో మోసం ఉంది. గొళ్ళెం కొన్నా, కుర్చీ కొన్నా, నేను ముందు చేత్తో ఎత్తి చూసేవాణ్ణి. నా పెళ్ళిలో అత్తగారు పెట్టిన ఉంగరాన్ని కూడా అరచేతిలో ఎగరేసి చూశానని మా ఆవిడ పోయేదాకా దెప్పింది.

హైదరాబాద్ చుట్టూ ఫ్లాట్లు లేస్తున్న రోజులవి. ఒక సాయంత్రం అత్త నన్ను నడకకని బయల్దేరదీసి, దారి పొడుగునా తన అంత్యక్రియల ఏర్పాట్లు చెప్పింది.

"నన్ను బండెక్కియ్యకురా. సిమెంటు బస్తా లెక్క పోను. భుజాల మీద పోత."

"నీకేమైందని అత్తా, గిప్పుడీ ముచ్చట?"

"ఏం గాలె. అయినంక నోరు లేవది గద, అందుకే ఇప్పుడు చెప్తున్న."

బ్యాండు వద్దు, నల్ల రిబ్బన్లు వద్దు. తను ఎండాకాలంలో పోయినా సరే, ఢోలక్ కొట్టి క్రిస్మస్ పాటలే పాడాలి. తిన్నగా సమాధుల తోటకు పోకూడదు. తను పనిచేసిన ఆసుపత్రి గేటు ముందు నుంచి పోయి, బజారు తిరిగి, మూల మీది చాయ్ హోటల్ దగ్గర పెట్టె దింపి, అందరూ తలా ఒక చాయ్ తాగాలి. తన కప్పు మూత మీద పెట్టాలి. ఐసు పెట్టెలో మాత్రం ఉంచకూడదు, మోకాళ్ళు పట్టేస్తాయట. పాస్టరయ్య ఇదంతా విని నవ్వి, కాసేపు ఆలోచించి, "వాక్యంలో వద్దని ఎక్కడ లేదు" అన్నాడు. ఇక పెట్టె కొనే పని నాకు పడింది. ఇంట్లో బేరాలాడేది నేనే కదా.

మా ఊరి వడ్రంగులందరూ అప్పటికే హైదరాబాద్ ఫ్లాట్లకు తలుపులు బిగించడానికి వెళ్ళిపోయారు. నేనూ అక్కడికే పోయి, మా పక్కనున్న చిట్గుప్ప నుంచి వెళ్ళిన వడ్రంగిని ఒకణ్ణి రేకుల షెడ్డులో పట్టుకున్నాను. అతను తేలిక కట్టె చూపించాడు. ఎత్తి చూశాను. మోసం అనిపించింది. దర్వాజాలు చేయగా మిగిలిన టేకు చెక్కలు గోడకు ఆనించి ఉన్నాయి. అదే ధరకు అవి కావాలన్నాను. పొద్దు వాలేదాకా బేరం సాగింది.

"ముసలామెకు గింత బరువెందుకన్నా? తేలికది చాలు."

"బరువుకు నువ్వెందుకు ఏడుస్తున్నవ్?"

"నాకేంది, మోసేటోళ్ళు మీ దిక్కోళ్ళే గద!" అని చేతులెత్తేశాడు.

ఆ మాటను అతని ఓటమి కింద జమ కట్టుకుని మురిసిపోయాను. లారీలో తెచ్చాను. రాష్ట్రం సరిహద్దు దగ్గర తనిఖీవాళ్ళు పెట్టెను చూసి టోపీలు తీసి పంపించేశారు. దారిలో మన్నాఏఖేళ్ళి ఊళ్ళో చాయ్‌కి ఆగితే హోటలాయన పాపమని బిస్కెట్లకు డబ్బులు తీసుకోలేదు. ఇంత లాభసాటి ప్రయాణం నేను మళ్ళీ చేయలేదు.

అత్త పెట్టె చుట్టూ తిరిగింది. ఒక మూల పట్టుకుని ఎత్తబోయింది. కదల్లేదు.

"ఎవరు మోస్తర్రా దీన్ని?"

"మన గల్లీల పోరగాండ్లు లేరా?"

ఆమె గడప దగ్గరికి వెళ్ళి వీధి ఆ చివర నుంచి ఈ చివర దాకా తాళాలేసిన తలుపులను చూసింది. ఒకడు డ్రైవరు, ఒకడు సెంట్రింగు, ఒకడు కంప్యూటరు, అందరూ హైదరాబాదే.

"తాళాలు మోస్తయా?" అంది.

ఆ రోజు నుంచి అత్త భుజాల వేటలో పడింది. క్రిస్మస్‌కు వచ్చిన ప్రతి కుర్రాణ్ణీ ఆపి, కేకు ముక్క చేతిలో పెట్టి, "నన్ను మోస్తవా, సక్కగ చెప్పు" అని అడిగేది. "మొయ్యకుంట ఎట్లుంటం పెద్దమ్మా!" అని అందరూ ఒప్పుకున్నారు. అబద్ధం ఆడారని ఇప్పటికీ అనను. ఒప్పుకున్నప్పుడు వాళ్ళు మా గల్లీలో ఉన్నారు, అంతే.

అత్త వానాకాలంలో, పనిరోజున పోయింది. ఫోన్లు చేశాను. ఒకడికి సెలవు లేదు, ఒకడి బండి చెన్నైలో ఉంది, ఒకడు "రేపటిదాక ఆపరాదన్నా?" అన్నాడు. ఆపాలంటే ఐసు పెట్టె కావాలి. వాకిట్లో మిగిలింది పాస్టరయ్య, చాయ్ హోటలాయన, చర్చి పనులు చూసే ఇద్దరు ముసలి డీకన్లు, నేను. ఖాళీ పెట్టెను ఎత్తి చూశాం. మోకాలి దాకా లేచి కూర్చుంది. బండి పిలవమన్నారు డీకన్లు. నేను ఫోను చేతిలో పట్టుకుని నిలబడ్డాను. నా జీవితంలో నేను తెచ్చిన మాలు మంచిదైనందుకు ఏడ్చింది ఆ ఒక్కసారే.

జనవాడ నుంచి రోజూ కూరగాయలు తెచ్చి అమ్మే ఆమె గంప దింపి లోపలికొచ్చింది. ఆమె పిల్లలందరికీ పురుడు పోసింది అత్తే.

"పెట్టె మీది. అక్కది కాదు. అక్కది మంచముంది గద" అంది.

"పెట్టె లేకుంటనా?" అన్నాడు ఒక డీకను.

"మట్టి అడుగుతదా?" అన్నాడు పాస్టరయ్య.

అత్తను ఆమె నవారు మంచం మీదే పడుకోబెట్టి, కాళ్ళ వైపు జనవాడామె, నేను, తల వైపు పాస్టరయ్య, హోటలాయన ఎత్తాం. నాకు అన్నిటికన్నా బాగా గుర్తున్నది ఒక్కటే: ఏమీ బరువు లేదు. బరువంతా నేను కొన్నదే. ఆసుపత్రి గేటు ముందు నుంచి పోయాం, బజారు తిరిగాం, వానలో క్రిస్మస్ పాట పాడాం. ఢోలక్ కొట్టే చేతులు లేక డీకన్లు చప్పట్లు కొట్టారు. హోటల్ దగ్గర చాయ్ తాగాం. ఆమె కప్పులో వాన పడింది. తాళాలేసిన తలుపుల ముందు నుంచి పోతున్నప్పుడు ఎవరూ బయటికి రాలేదు. రాత్రి ఒక్కొక్కరూ ఫోన్ చేసి, "అయిపోయిందా అన్నా?" అని అడిగారు.

మొన్న మేస్త్రీ చాయ్ ముగించాక చెప్పాను: "ఇది తీస్కపో. బదులుగ తేలిక కట్టెతో ఒకటి చేసియ్యి."

"పైన నేనెంత ఇయ్యాలె?"

"ఏం వద్దు."

ఆయన నమ్మలేదు. మోసం ఎక్కడుందో అని పెట్టెను మళ్ళీ నాలుగువైపులా తట్టాడు. కొలత అడిగితే గోడకు ఆనుకుని నిలబడ్డాను. టేపు చుట్టుకుంటూ, "తేలికది సేటూ, నలుగురు చాలు" అని భరోసా ఇచ్చి పోయాడు.

గోదాము మెట్ల మీద కూర్చున్నాను. నా చిన్నప్పుడు ఈ గల్లీలో భుజాలు రాశులు పోసినట్టుండేవి. అప్పుడు లెక్కపెట్టాలని ఎవరికీ తోచలేదు, తోచేసరికి ఇన్నేళ్ళు గడిచాయి. వేళ్ళు మడిచి చూసుకున్నాను. పాస్టరయ్య కొడుకు ఒకడు. జనవాడామె మనవడు ఒకడు. మూడో వేలు కూడా మడిచాక, అది నేనేనని గుర్తొచ్చి, మెల్లగా తెరిచేశాను.