కెండ గ్రహం లాగ్‌బుక్

ఉదయం మేడ మీద ఆరేసిన తెల్ల చున్నీ తీస్తుంటే వేళ్ళకు సన్నటి బూడిద అంటింది. థర్మల్ స్టేషన్ పొగ ఇటు తిరిగిన రోజున మా చిక్కసూగూరులో ఇదే వరస. మా అమ్మాయి విసుక్కుంటుంది. నాకు మాత్రం ఆ బూడిద చూస్తే ఒక గ్రహం గుర్తొస్తుంది. దాని పేరు కెండ. కన్నడంలో కెండ అంటే నిప్పుకణిక.

ఆ గ్రహాన్ని పుట్టించింది నా చిన్నప్పుడు మా పక్క క్వార్టర్‌లో ఉండే నాగప్ప మావయ్య. చుట్టం కాదు. గోదావరి నుంచి ఉద్యోగానికొచ్చిన మా నాన్నతోపాటు థర్మల్ స్టేషన్‌లో బాయిలర్ చూసేవారు. మధ్యాహ్నం డ్యూటీ దిగి, స్నానం చేసి, వసారాలో కూర్చుని పాత లాగ్‌బుక్కుల్లో మిగిలిన కాగితాల మీద కథ రాసేవారు. రెండు సామ్రాజ్యాలు నక్షత్రాల కోసం తరతరాలుగా కొట్టుకుంటున్నాయి. ఆ యుద్ధం పొగకు కెండ మీద సూర్యుడు కనబడడు. ఊరంత కొలిమి ఒకటి మూడు షిఫ్టుల్లో మండుతూ గ్రహాన్ని వెచ్చగా ఉంచుతుంది. కథనిండా కొలిమి పనివాళ్ళే తప్ప ఒక్క వీరుడూ ఉండడు. నాకు అదే ఒళ్ళుమంట.

ఏడో తరగతి సెలవుల్లో ఆయనకు జ్వరమొచ్చి, ఒక అధ్యాయం నన్ను రాయమన్నారు. ఇంకేం, రెచ్చిపోయాను. శత్రువులు వచ్చిపడ్డారు, జనమంతా ఓడలెక్కి తప్పించుకున్నారు, వెనక కెండ పేలిపోయింది. మావయ్య మంచం మీదే చదివి కళ్ళద్దాలు తీశారు.

"బిడ్డా, కొలిమి కాడ ఎవర్నుంచినవ్?"

"ఎవరూ లేరు మావయ్యా. అందరూ వెళ్ళిపోయారుగా."

"రిలీవర్ రాకుండ సీటు ఇడిసిపెట్టి ఎట్ల పోతరు? చార్జి ఎవరికిచ్చిన్రు? ఆఖరు ఓడ ఎక్కేదాంక ముసలోళ్ళకు చలి పెడ్తది గద."

స్టేషన్ కట్టుబాటు అది. తర్వాతి షిఫ్టు మనిషి వచ్చి, మీటర్లు చూసుకుని, పుస్తకంలో సంతకం పెట్టేదాకా ముందు మనిషి కుర్చీ దిగకూడదు. ఒకసారి రిలీవర్ రాక ఆయన రెండు షిఫ్టులు అక్కడే ఉండిపోతే, అత్తయ్య క్యారియర్ పంపుతూ "ఆ బాయిలర్‌నే లగ్గం చేస్కోని ఉండాల్సింది" అని తిట్టిపోసింది.

ఉడుక్కుంటూనే తిరగరాశాను. ఒక ఆడమనిషిని కొలిమి దగ్గర కూర్చోబెట్టాను. ఒక ఓడ వెనక్కి తిరిగి ఆమెకు రిలీవర్‌ను తెచ్చింది. గ్రహం పేలలేదు. నాకు రాయడం వచ్చింది ఆ రోజే.

నేను డిగ్రీలో ఉండగా ఆయన మంచాన పడ్డారు. నన్ను పిలిపించి కాగితాల కట్ట ఒళ్ళో పెట్టారు. "ఇగ నాతోని కాదు బిడ్డా. చార్జి నువ్ తీస్కో." చివరి కాగితం మీద వంకర అక్షరాలతో రాసి ఉంది: కొలిమి మండుతున్నది, అందరూ క్షేమం. కింద చార్జి ఇచ్చినవారు అన్నచోట ఆయన సంతకం. తీసుకున్నవారు అన్నచోట ఖాళీ. పెన్ను అందించారు. నా చెయ్యి రాలేదు. భయమేసింది.

"రేపు పెడతాను మావయ్యా."

"సరె. అందాంక కూసుంటలే."

ఆ వారంలోనే పోయారు.

ఇప్పటికీ వంట ముగించి రోజూ కాసేపు కెండ కథ రాస్తాను. యుద్ధం ఆగలేదు, కొలిమి ఆరలేదు. బీరువాలో ఆ చివరి కాగితం మాత్రం అలాగే ఉంది. సంతకం పెట్టలేదు. పెడితే ఆయన కుర్చీ దిగి వెళ్ళిపోతారు.