గాలి దాటిపోయిన ఇల్లు

ముప్పై ఏళ్లుగా కిటికీలకు అద్దాలు బిగిస్తూ బతుకుతున్న ఆయన్ని వీధంతా అద్దాలాయన అనేది. ఆ మధ్యాహ్నం అక్క ఇంట్లో వీధివైపు, పెరటివైపు పాత అద్దాలన్నీ తీసేశాడు. ఖాళీ ఫ్రేముల్లోంచి వెలుతురు నీళ్లలా లోపలికి పారుతోంది.

"అడ్డుగా కూర్చున్నావే అక్కా! ఆ గోడవారకి జరుగు."

"నా ఇంట్లో నాకే చోటు లేకుండా చేస్తున్నావురా," అని సణుగుతూ ఆమె కిటికీ ముందునుంచి కుర్చీ లాక్కుంది.

కాలువ అవతల రంగుల గోదాం పేలింది అప్పుడే.

ముందు మెరుపు. తర్వాత ఒక్క క్షణం ఏమీ లేదు. లోకం ఊపిరి బిగబట్టినట్టుంది. ఆపైన గాలి ఒక గోడలా వచ్చింది. ఫ్రేముల్లోంచి దూరి, మధ్యగది తలుపు ఊడబెరికి, బీరువాని బోర్లాపడేసి, పెరటి కిటికీల్లోంచి వెళ్లిపోయింది. లోపలికెగిరిన తెరలు మరుక్షణమే బయటినుంచి ఎవరో పీల్చినట్టు వీధిలోకి వేలాడాయి. అద్దాలాయన నేలమీద పడి, చెవుల్లో తుమ్మెద రొదతో, వాటినే చూస్తూ ఉండిపోయాడు. భయం కూడా ఎక్కడో దూరంగా ఉంది.

"ఉన్నావా?" అంది అక్క, గోడకి అతుక్కుపోయి.

"ఉన్నట్టే ఉంది."

పక్కింట్లో పేలుడప్పుడు కిటికీలన్నీ మూసే ఉన్నాయి. టీచరమ్మ మంచం నిండా అద్దపు పెంకులు. పరుపులోకి దిగబడి తళతళ మెరుస్తున్నాయి.

"స్నానానికి లేచాను కాబట్టి సరిపోయింది," అందామె, ఒంటికి తువ్వాలు చుట్టుకుంటూ. "మీరు అద్దాలన్నీ తీసేసి ఉంచారు. ముందే తెలుసా, అన్నయ్యా?"

"తెలిస్తే బీరువా ఎందుకు వదిలేస్తానమ్మా? గాలికి దారి దొరికింది, గోడల మీద భారం తగ్గింది. లోపల అడ్డమొచ్చినవాటి పని పట్టింది."

ఆ తర్వాత నాలుగు నెలలు ఊరంతా అతని కోసమే ఎదురుచూసింది. గోదాములు ఇంకా రెండున్నాయి. అందుకే అద్దాలకు పగిలినా పెంకులు చెదరనివ్వని పొర అంటించేవాడు. అంతకంటే ముందు, అడగకపోయినా, మంచాలు కిటికీల ముందునుంచి జరిపించేవాడు. కొందరు విసుక్కున్నారు, కొందరు నవ్వారు.

"అద్దాలు పెట్టమంటే సంసారం సర్దుతున్నావేంటయ్యా?" అంది ఒక ముసలావిడ.

"ఎడమ చెవి పోయింది, పిన్నిగారూ. తిట్టాలంటే కుడివైపు రండి."

ఆవిడ పకపకా నవ్వి, మంచానికి రెండోవైపు తనే పట్టింది. ఇద్దరూ కలిసి మెల్లగా దాన్ని గది మూలకు చేర్చారు.