చౌడు తిన్న వాసన

పట్టుగూళ్ళు ఉడికే వాసన ఎట్లా ఉంటుందో ఎరగని వాళ్ళకు చెప్పడం కష్టం. మరిగే నీళ్ళలో గూళ్ళు వేసి పుల్లతో కదిపితే దారపు కొస దొరుకుతుంది. కంటికి ఆనీ ఆనని ఆ పోగు చివరిదాకా తెగకుండా వస్తుంటే, ఎన్నిసార్లు చూసినా నాకు వింతగానే ఉండేది. దారమంతా వచ్చేశాక మిగిలేది లోపలి పురుగు. ఉడికిన పురుగులు షెడ్డు వెనక కుప్పగా పడి ఉండేవి. వాటి వాసన జుట్టుకు, చెప్పులకు, సద్దిగిన్నె మూతకు కూడా అంటుకునేది.

ఎనభైల మొదట్లో, వరసగా వానలు తప్పిన కాలంలో, ధర్మవరం పక్కన అలాంటి షెడ్డులో పనికి కుదిరాను. పగలంతా పోగు తీయడం, సాయంత్రం ఇంటికొచ్చి నాయన పక్కన మగ్గంలో కూర్చోవడం. అప్పుడు మా మగ్గం మీద ఉన్నది పెళ్ళిచీర. ఒంటికి ఒక రంగు, వెడల్పు అంచుకు ఇంకో రంగు. అలాంటి చీరకు ఇద్దరు కావాలి. అడ్డపోగును మోసే నాడెల్లో ఒంటి నాడె ఒకరు వేస్తుంటే, ఇంకొకరు పక్కన కూర్చుని అంచు నాడె అందించాలి. ముహూర్తానికి చీర అందకపోతే షావుకారు మాకు మళ్ళీ పట్టు ఇవ్వడు. పట్టు లేకపోతే మగ్గం ఉండీ లేనట్టే.

పనిలో చేరిన కొన్నాళ్ళకే, ఒక సాయంత్రం నేను మగ్గం గుంటలో కాళ్ళు పెట్టబోతుంటే నాయన చెయ్యి అడ్డం పెట్టాడు.

“ఆడే ఉండు. దగ్గరికి రావద్దు.”

“ఏమైంది నాయనా?”

నేసి చుట్టిన చీర వైపు గడ్డంతో చూపించాడు. వంగి వాసన చూశాను. పట్టు వాసన వెనకాల సన్నగా మా షెడ్డు ఉంది.

“ఇది పట్టు వాసనే కదా నాయనా. ఆ పురుగులోంచే కదా వచ్చింది?”

“పురుగుదే. పెండ్లికూతురుది కాదు కదరా.”

చీర మడత విప్పగానే ఆడవాళ్ళు ముందుగా ముఖానికి దగ్గరగా పెట్టుకుంటారు. నేను కూర్చుంటే చీర పాడవుతుంది, కూర్చోకపోతే పూర్తికాదు.

షెడ్డుకు ఒక జత గుడ్డలు, మగ్గానికి ఒక జత ఉంచుకోవచ్చు కదా అనిపిస్తుంది. ఉన్నవే రెండు జతలు, రెండూ షెడ్డు చూసినవే. తువ్వాలు చుట్టుకుని కూర్చుందామన్నా అదీ ఆ తొట్టిలోనే నానేది, ఆ దండెం మీదే ఆరేది. మా బావి నీళ్ళు ఉప్పన. సబ్బు నురగ కట్టకుండా విరిగిపోయేది. అమ్మ ఉతికి ఆరేసిన చొక్కాకు పొద్దున ఏ వాసనా ఉండేది కాదు. పోయిందని సంతోషపడేవాళ్ళం. ఒళ్ళు చెమట పట్టగానే మళ్ళీ లేచేది.

ఒకరోజు అమ్మ నిప్పుల మీద సాంబ్రాణి చల్లి, గంప బోర్లించి, దాని మీద చొక్కా పరిచింది. అది తొడుక్కుని ధైర్యంగా లోపలికి వస్తే, ఆ రోజే కుందుర్పి నుంచి వచ్చిన మా మేనత్త కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

“ఏమిరా అల్లుడా, దేవుని ముందర ఎండుచేపలు కాల్చినట్ల ఉండాదే!”

అమ్మకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. సంగతంతా చెప్పింది.

“దానికేముండాది వదినా? చౌడులో ముంచి ఉబ్బకు పెట్టు,” అంది అత్త.

నాయన మగ్గంలోంచే అరిచాడు. “చౌడా? అది తగిలితే పట్టు చచ్చిపోతాదక్కా. మెరుపంతా పోతాది.”

“నేను ఉతికేది నీ చీరను కాదప్పా, నీ కొడుకు గుడ్డల్ని. బాగా జాడిస్తే చౌడు యాడుంటాది?”

చౌడు అంటే మాకు తిట్టులాంటి మాట. గింజ వేస్తే మొలవని నేల, గొర్రె కూడా మూతి పెట్టని నేల. షెడ్డుకు సెలవున్న రోజు అమ్మ, అత్త, నేను ఎండిన వంక గట్టుకు పోయాం. నేల మీద తెల్లగా పొర కట్టి ఉంది. అత్త పైపొర మాత్రమే గీకనిచ్చింది. ఇంటికి తెచ్చి నీళ్ళలో కలిపి, మన్ను అడుగుకు దిగాక, పైతేటలో గుడ్డలన్నీ ముంచి పిండాం. పెద్ద బాన అడుగున కాసిని నీళ్ళు పోసి, వాటికి తగలకుండా పుల్లలు అడ్డం పెట్టి, గుడ్డలు పేర్చి, గోనెపట్ట కప్పి, కింద వేరుశనగ పొట్టుతో మంట పెట్టింది అత్త. ఉబ్బకు పెట్టడమంటే ఇదే. అన్ని గుడ్డలకు ఆ నీళ్ళెక్కడ చాలుతాయని నేను అడిగాను. “ఉతికేది నీళ్ళు కాదురా, ఆవిరి,” అంది.

కాసేపు ఏమీ లేదు. తర్వాత గోనెపట్ట అంచుల నుంచి మా షెడ్డు షెడ్డంతా బయటికి వచ్చింది. పక్కింటామె గోడ మీదుగా తొంగిచూసింది.

“ఏమమ్మా, పురుగుల పులుసు చేస్తాండారా?”

“నీకొక గిన్నె పంపిస్తాంలే, పో!” అంది అత్త.

మేము చూస్తుండగానే ఆ వాసన పలచబడింది. ఆపైన తడిమన్ను వాసన వచ్చింది. ఆపైన వట్టి ఆవిరి. నేను లేచి, బాన చుట్టూ తిరిగి, అన్ని వైపులా ముక్కు పెట్టి చూశాను. గడ్డిపోచను కూడా బతకనివ్వని మన్ను, చారెడు నీళ్ళ ఆవిరి. రెండూ కలిసి, సబ్బుకు లొంగనిదాన్ని మా కళ్ళెదుటే గాల్లో కలిపేశాయి. ఆ రోజు డైరీలో చేసిన పనంతా వరసగా రాసి, కింద ‘వాసన యాడికి పోయింది?’ అని రాసుకున్నాను. దానికి ఇప్పటికీ జవాబు రాయలేదు.

జాడించడానికి ఊరి బయట పంపుసెట్టు దగ్గరికి పోయాం. మధ్యాహ్నం కరెంటు వచ్చింది. “చౌడునీళ్ళు నా మడిలోకి పారితే ఊరుకునేది ల్యా!” అని రైతు కేకేశాడు. గట్టు దిగువన కూర్చుని, నీళ్ళు తేటగా పారేదాకా జాడించి, బండల మీద ఆరేశాం.

నాయన ఆరిన చొక్కాను వాసన చూడలేదు. దాన్ని నాకు తొడిగించి, ఎండలో కట్టెలు కొట్టమన్నాడు. చొక్కా వీపుకు అంటుకుపోయాక విప్పించి, మిగులు పట్టు కొంచెం అందులో చుట్టి పెట్టెలో పెట్టి మూత వేశాడు. మర్నాడు ఆ పట్టు తీసి చాలాసేపు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. వాకిట్లోకి పోయి, వెలుగులో అటూ ఇటూ తిప్పి మెరుపు చూశాడు.

“పట్టు పట్టుమాదిరే ఉండాది,” అన్నాడు. “కాళ్ళు కడుక్కొని రా.”

పక్కన కూర్చున్నాను. అంచు నాడె నా చేతికిచ్చాడు.

అప్పటినుంచి ఒక జత మగ్గానికే ఉంచి, షెడ్డు నుంచి రాగానే తలకు పోసుకుని అది తొడుక్కునేవాణ్ణి. సెలవు దొరికినప్పుడల్లా మా వాకిట్లో బాన పొయ్యెక్కేది. ముహూర్తానికి ముందే చీర పూర్తయి మగ్గం మీంచి దిగింది. ఇద్దరమూ తీసుకుపోయాం. షావుకారు మడత విప్పి ముఖానికి దగ్గరగా పెట్టుకున్నాడు. నేను ఆయన ముక్కు వైపే చూశాను. ఆయన చీరను పక్కన పెట్టి, లోపలికి పోయి, ఇంకో చీరకు పట్టు తెచ్చాడు. నాయన అందుకుని, ఒకసారి నా వైపు చూసి, దాన్ని నా చేతుల్లో పెట్టాడు.

ఇంటిదాకా ఎదకు ఆనించుకుని మోశాను.