మా అవ్వ కట్టని వంకాయ రంగు చీర

ఇష్టమైన రంగేది అని ఎవరైనా అడిగితే ఏమవుతుంది? మీకేమీ కాదు. ఏదో ఒక రంగు చెప్పేసి మీ పని మీరు చూసుకుంటారు. నేను మాత్రం ఆ ఒక్క ప్రశ్నకు జవాబు రాసి మా అత్తనూ, ఆడబిడ్డనూ, నన్నూ కాణిపాకంలో జనం మధ్య కోలాటం కర్రలతో నిలబెట్టాను. ఎలాగో చెబుతాను. నవ్వుకోండి, నేనేమీ అనుకోను. మా ఇంట్లో ఇంకా నవ్వుతూనే ఉన్నారు.

నాకొక బ్లాగుండేది. పెళ్లయి తిరుపతికి వచ్చిన కొత్తలో తెగ రాసేదాన్ని. తర్వాత ఉద్యోగం, పాప, పాప బడి, దర్శనానికి వచ్చి మా ఇంట్లో దిగే చుట్టాలు (తిరుపతిలో కాపురముంటే వాళ్లకేం కొదవ!), ఇలా రోజుకొక సాకు దొరికి రాయడం మానేశాను. అసలు సంగతి, చదివేవాళ్లు లేరు. ‘అజ్ఞాత’ అనే పేరుతో ఒకరు మాత్రం ప్రతి టపా కిందా ‘శానా బాగుండాది’ అని రాసేవారు. అంతకుమించి ఒక్క అక్షరం ఉండేది కాదు. ఆయనెవరో పెద్ద పండితుడనీ, కావాలనే మన యాసలో రాస్తున్నాడనీ నా నమ్మకం.

ఈమధ్య మళ్లీ రాయాలని బుద్ధి పుట్టింది. నాలాగా ఆగిపోయినవాళ్ల కోసం ఎవరో పుణ్యాత్ములు నెట్‌లో ప్రశ్నలు పెట్టారు. ఇష్టమైన రంగు, ఇష్టమైన తిండి, పొద్దున లేవగానే ఏం చేస్తారు, అన్నీ ఇలాంటివే. రోజుకొక జవాబు రాస్తే చాలు, చెయ్యి దానంతటదే కదులుతుందట.

మొదటి ప్రశ్న రంగు. నాకిష్టమైంది చిలకపచ్చ. అయితే చిలకపచ్చ అని రాసి ఊరుకుంటే అదేం టపా? ఎవరైనా రాస్తారు. అందుకని వంకాయ రంగు అని రాశాను. రాశాక దానికొక కథ కావాలి కదా! వానొచ్చినప్పుడు మా అవ్వ తన వంకాయ రంగు చీర కొంగులో నన్ను దాచుకునేదనీ, ఆ రంగు చూస్తే ఇప్పటికీ నాకు తడి మట్టి వాసన వస్తుందనీ అల్లేశాను. మా అవ్వ వంకాయలు పండించిన మాట నిజమే గానీ ఆ రంగు చీర ఏనాడూ కట్టి ఎరగదు. అయినా రాసింది చదువుకుంటే నాకే కళ్లు చెమర్చాయి. కింద వెంటనే అజ్ఞాత వ్యాఖ్య: ‘శానా బాగుండాది. ఏడిపిచ్చినావు తల్లీ.’

ఇక నన్ను పట్టుకునేదెవరు? మరునాడు తిండి గురించి. బిర్యానీ అంటే చవకగా ఉంటుందని కాకరకాయ అని రాశాను. చేదును ప్రేమించడం నేర్చుకున్నాను అని కూడా రాశాను. ఆ వారంలోనే నగరి నుంచి మా మామ సంచీడు కాకరకాయలు బస్సులో పంపారు.

“మీ నాయనకు కాకరకాయలంటే అంత ఇష్టమా?” అని మా ఆయన్ను అడిగాను.

“ఆయన నోట్లో పెట్టడు. నీకోసరం పంపినాడంట.”

“నాకెందుకు?”

“నాకేం తెలుసు? ఆయన్నే అడుగు.”

అడగలేదు. మా మామకు నగరిలో మరమగ్గముంది. మగ్గం మాట్లాడినంత కూడా ఆయన మాట్లాడరు. పెళ్లయినప్పటి నుంచి నాతో అన్న మాటలన్నీ కలిపి రాసినా ఒక కార్డు నిండదు. అలాంటి మనిషి కొన్నాళ్లకు అత్తనూ, ఆడబిడ్డనూ వెంటబెట్టుకుని తిరుపతి వచ్చారు. మరునాడు అందరం కాణిపాకం పోవాలని అనుకున్నాం. రాగానే ఆయన నా చేతికొక కవరిచ్చారు. తీసి చూస్తే వంకాయ రంగు చీర.

“అద్దకమోని పక్కనే కూసోని రంగు కలిపిచ్చినా. మీ అవ్వ చీర ఇదే రంగేనా సూడమ్మా” అన్నారు.

“మామా, మీరు నా బ్లాగు సదవతారా?”

ఆయన తల వంచుకున్నారు. జవాబు అత్త చెప్పింది. “సదవడమేందిమ్మే! నువ్వు రాసేది నిలిపేసినాంక గూడా, పొద్దన్నే మగ్గం కాడికి పోయే ముందర ఫోను తెరిచి సూస్తాడు. ఈ పొద్దూ ఏం రాయలేదే అంటాడు. మూసేసిన అంగడికి రోజూ పోయొచ్చే మనిషిని ఈయన్నే సూసినా నేను.”

నా పండితుడు ఎవరో అప్పుడు తెలిసింది. గుండె ఎంత నిండిందో చెప్పలేను. నిజం చెప్పాల్సింది కూడా అప్పుడే. కానీ ఆయన నా ముఖంలోకి అంత ఆశగా చూస్తుంటే, “ఇదే రంగు మామా” అనేశాను.

ఆడబిడ్డ తన సంచి తెరిచింది. అందులోనూ అదే చీర. అత్త సంచిలోనూ అదే.

“మగ్గానికి పడుగు ఎక్కిస్తే ఒక్క చీరతో నిలస్తాదా వదినా? ఇంట్లో అందురికీ ఇదే. పక్కింటోళ్లకి గూడా ఇదే” అంది ఆడబిడ్డ.

మరునాడు ముగ్గురం ఆ చీరలే కట్టుకుని కాణిపాకంలో దిగాం. ఆరోజు అక్కడ కోలాటం ఉందట. ఏర్పాట్లు చూసే ఒకాయన మమ్మల్ని చూసి పరుగెత్తుకొచ్చాడు.

“కోలాటమోళ్లు ఈ పక్కకి రాండమ్మా! మీకోసరమే సూస్తా ఉండాం!” అంటూ మా చేతుల్లో కర్రలు పెట్టేశాడు.

“గమ్మున తీసుకోమ్మే” అని అత్త నా చెవిలో గొణిగింది. “ఈ దోవన పోతే దర్శనం బిరీన అవుతాదేమో.”

“మనకు కోలాటం యాడ వస్తాదత్తా?”

“నాకొస్తాది. నువ్వు నా ఎనకాల తిరుగు.”

ఇంతలో మామ వచ్చారు. “వీళ్లు కోలాటమోళ్లు గాదప్పా, మా ఇంటోళ్లు.”

“మరి అందురూ ఒకే మాదిరి చీరలు...”

అంతే, మాట్లాడని మామ మాట్లాడారు. మా అవ్వ, వాన, కొంగు, తడి మట్టి వాసన, నేను రాసిన వాక్యాలన్నీ పొల్లుపోకుండా అప్పజెప్పారు. చుట్టూ జనం మూగారు. ఒక ముసలామె కళ్లు తుడుచుకుంది. కర్రలిచ్చినాయన నా వైపు తిరిగి, “నిజంగా మీ అవ్వ అట్ల దాసిపెట్టుకునేదా అమ్మా?” అన్నాడు.

మీరే చెప్పండి. కాణిపాకం వినాయకుడి ముందు ప్రమాణం చెయ్యమంటే దొంగ కూడా నిజం కక్కేస్తాడని మా జిల్లాలో పసిపిల్లలకు కూడా తెలుసు. ఇంకే ఊళ్లో అడిగినా తలూపి ఉండేదాన్ని. అక్కడ నా తల ఊగలేదు.

“లేదన్నా. మా అవ్వకు ఆ రంగు చీరే లేదు. నేను ఊరక రాసినా.”

“మరి కాకరకాయలు?” అంది అత్త.

“అవీ అంతేనత్తా.”

మామ మా చేతుల్లో కర్రలు తీసుకుని ఏర్పాట్లు చూసే ఆయనకిచ్చేశారు. దర్శనంలోనూ, తిరుగుదారిలోనూ పలకలేదు. మామూలుగానూ పలకరు కానీ, ఇది వేరని నాకు తెలుస్తూనే ఉంది. నగరి బస్సు ఎక్కేముందు మాత్రం అడిగారు.

“మరి మీ అవ్వది ఏం రంగు చీరమ్మా?”

“చిలకపచ్చ మామా. ఉతికి ఉతికి ఎలిసిపోయినాది. నాకోసరం ఆ కొంగులోనే చెనిక్కాయలు మూటగట్టుకోని వస్తాన్నింది.”

“అదే రాసుండొచ్చు గదా” అన్నారు.

ఇంటికొచ్చి అదే రాశాను. వానా లేదు, మట్టి వాసనా లేదు. వెలిసిన చీర, చెనిక్కాయలు (అవే, వేరుశనగకాయలు), అంతే. రాసి ఎదురుచూశాను. వ్యాఖ్య రాలేదు. ఉన్న ఒక్క పాఠకుడినీ పోగొట్టుకున్నానని, ఆ పాఠకుడు మా మామ అని, వంటింట్లో నిలబడి నిజంగానే ఏడ్చాను.

మరునాడు పొద్దున, మగ్గం మొదలయ్యే వేళకు వచ్చింది. ‘శానా బాగుండాది. చెనిక్కాయల కాడ నిలిచిపోయినా.’ పైన ‘అజ్ఞాత’ అని లేదు. ‘మీ మామ’ అని ఉంది.

ఆ సంతోషంలో ఉండగానే ఆడబిడ్డ ఫోను.

“ఏం రాసినావు వదినా నువ్వు? నాయన పచ్చ పడుగు ఎక్కిస్తాడంట! ఎలిసిన పచ్చే కావాలని అద్దకమోన్ని సంపతా ఉండాడు. అమ్మేమో ఈతూరి కోలాటం నేర్చుకోనే పోదాం అంటాది!”

కాబట్టి, కాణిపాకం స్వామి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట నా బ్లాగులో ఒక్క అబద్ధం కూడా రాయను. నిజం రాసేముందు మాత్రం, నగరిలో మగ్గం ఖాళీగా ఉందేమో కనుక్కుంటాను.