ఎస్తేరు సిస్టర్ తీసిన నవ్వు

కొత్త ఫ్లెక్సీకి ఒక వాసన ఉంటుంది. ఎండకు వేడెక్కిన ప్లాస్టిక్కు, ఆరీ ఆరని రంగు కలిసి గొంతులో పట్టుకునే వాసన. పోయిన నెల హిందూపురం బస్టాండు బయట ఆటో కోసం నిలబడి ఉంటే ఆ వాసన తగిలి తలెత్తాను. ఇద్దరు మనుషులు నిచ్చెన వేసి స్తంభానికి ఫ్లెక్సీ కడుతున్నారు. అందులో ఎస్తేరు సిస్టర్ ముఖం, చుట్టూ బంగారు రంగు పూలదండ బొమ్మ. "మా కళాగురువు స్మృతిలో ఫోటో ప్రదర్శన" అని రాసి ఉంది. ఆ కింద, ఆమె పేరుకన్నా రెండింతలు పెద్దగా, ప్రభాకర్ పేరు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆమె బతికుండగా ఆమె గడప తొక్కడం మానేసిన మనిషి, ఆమె పోయిన ఏడాదికి దండ వేస్తున్నాడు. "ఎవరో పెద్ద ఫోటోగ్రాఫరమ్మంట" అని పక్కన ఎవరో అనుకుంటూ పోయారు. ఆమె ఎవరో తెలిసినవాళ్ళలో ఒకరైనా చెప్పకపోతే ఆ దండే మిగిలిపోతుంది. అందుకే ఇది రాస్తున్నాను.

ఎస్తేరు సిస్టర్ పెనుకొండ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. ఫోటోలు తీయడం ఆమె ఉద్యోగం కాదు, ఇష్టం. ప్రతి నెలా మొదటి ఆదివారం చర్చి నుంచి వచ్చాక, స్టేషను దగ్గరున్న తన ఇంట్లో ముందు గదిని ఖాళీ చేసేది. గోడకు అడ్డంగా ఒక తాడు, దానికి బట్టల క్లిప్పులు. మధ్యాహ్నం రైలుకు హిందూపురం నుంచి, ధర్మవరం నుంచి ఏడెనిమిది మంది వచ్చేవాళ్ళు. ఒక బ్యాంకు ఉద్యోగి, ఒక లెక్చరరు, బట్టల కొట్టు ప్రభాకర్, పెనుకొండ హైస్కూల్లో సైన్సు చెప్పే నేను. అందరం సరదాకి కెమెరా పట్టినవాళ్ళమే. మనిషికి ఒక్క ఫోటో, తనకు అన్నిటికన్నా నచ్చినది తేవాలి. ఫోన్లో కాదు, కాగితం మీద. "ఫోన్లో అయితే యేలితో తోసేస్తారు. గోడ మీద అయితే ఎదురుగా నిలబడాల్సిందే," అనేది. తీసినవాళ్ళు నోరు మూసుకుని కూర్చోవాలి, మిగతావాళ్ళు తమకేం కనిపించిందో చెప్పాలి. బొరుగులు నములుతూ, టీ తాగుతూ వాదించుకునేవాళ్ళం. ఒకసారి లెక్చరరుగారు మబ్బు కమ్మిన పెనుకొండ కొండను తెచ్చారు. అందరూ ఆహా అన్నారు. సిస్టర్ చాలాసేపు చూసి, "కొండ బాగుండాది. మబ్బూ బాగుండాది. నువ్వు యాడుండావప్పా ఇందులో?" అంది. ఆయన మూడు నెలలు మళ్ళీ కొండ జోలికి పోలేదు.

నేను మొదటిసారి తీసుకెళ్ళింది ముదిగుబ్బ దగ్గర తీసిన ఫోటో. పొద్దు వాలే వేళ, దుమ్ములో గొర్రెల మంద, మధ్యలో కట్టె పట్టుకున్న ఒక ముసలామె. బస్సు ఆగినప్పుడు కిటికీలోంచి తీశాను. ప్రభాకర్ లేచి నిలబడ్డాడు. అతని దగ్గర మా అందరి జీతాలకు అందని లెన్సులు ఉండేవి, అతని మెప్పంటే మాకు గొప్ప. "నేషనల్ లెవెల్ సబ్జెక్టు మేడమ్!" అన్నాడు. నేను పొంగిపోయాను.

"ఈయమ్మ పేరేమి పాపా?" అంది సిస్టర్.

"తెలీదు సిస్టర్."

"ఈ ఫోటో ఆయమ్మ చూసిందా?"

"లేదు."

"అయితే ఇది ఇంకా అయిపోలేదు. ముందు ఆయమ్మకి చూపిచ్చిరా. మేము తర్వాత చూస్తాం." క్లిప్పు తీసి ఫోటో నా చేతిలో పెట్టింది. అందరి ముందూ నాకు తల కొట్టేసినట్టయింది. ఆ వారమంతా ఆమె మీద పళ్ళు నూరుకున్నాను. అయినా ఆ తర్వాతి ఆదివారం ముదిగుబ్బ బస్సెక్కాను. పొద్దున్నుంచీ తిరిగితే మధ్యాహ్నానికి దొరికింది. పేరు ఓబులమ్మ. ఫోటో చేతిలోకి తీసుకుని తన ముఖం వైపు ఒక్కసారి చూసి, గొర్రెల్ని ఒక్కొక్కటిగా వేలితో తడిమింది. "ఈ మూలనుండే దానికి కాలు కుంటి. అది కనపడకుండా తీసినావు. సంతలో ఎవురన్నా చూస్తే తక్కువకి అడుగుతారు. మంచి పని చేసినావు లే," అని మజ్జిగ ఇచ్చింది. ఆ మాట చెప్పినప్పుడు సిస్టర్ పగలబడి నవ్వి, ఫోటోను తనే గోడకు తగిలించింది. అప్పటిదాకా నేను తీసింది ఒక ముసలామెను. ఆ రోజు గోడ మీద ఓబులమ్మ ఉంది.

సిస్టర్‌కు తను తీసినవాటిలో అన్నిటికన్నా ఇష్టమైన ఫోటో ధర్మవరంలోది. లక్ష్మక్క అనే నేత మనిషి ఇంట్లో తీసింది. లక్ష్మక్క కాన్పు చేసింది సిస్టరే, అప్పటినుంచీ రాకపోకలు. ఒకనాడు పట్నం నుంచి ఎవరో వచ్చి, మగ్గం దగ్గర నిలబడి, "ఇది ఎన్నాళ్ళు పడుతుంది?" అని చీర గురించి అడిగారట. చెవులు సరిగా వినపడని లక్ష్మక్క అత్త, వాళ్ళు వాకిట్లో కట్టేసిన మేక గురించి అడుగుతున్నారనుకుని, "ఇంగో రెన్నెల్లకి ఈనుతాది" అంది. లక్ష్మక్క, ఆమె ఆడబిడ్డ విరగబడి నవ్వారు. ఆ క్షణాన సిస్టర్ తీసిన ఫోటో అది. ఎడమ పక్క పొట్ట పట్టుకుని వంగిపోయిన ఆడబిడ్డ, కుడి పక్క ఏం జరిగిందో తెలియక చూస్తున్న అత్త, మధ్యలో నవ్వి నవ్వి కళ్ళ నీళ్ళు కారుతుంటే కొంగుతో తుడుచుకుంటున్న లక్ష్మక్క. "ఇది చూస్తే నాకు మోకాలి నొప్పి కూడా గుర్తుండదు," అనేది సిస్టర్.

ఆ ఫోటో గోడ మీదున్న రోజు ప్రభాకర్, "నేర్చుకోవడానికి సిస్టర్," అంటూ దాన్ని ఫోన్లో తీసుకున్నాడు. కొన్ని నెలలకు మా వాట్సాప్ గ్రూపులో ఒక వార్త. అతనికి ఏదో పోటీలో మొదటి బహుమతి. గెలిచిన ఫోటో పేరు "కన్నీటి మగ్గం". అందరూ పూలూ చప్పట్లూ పెట్టారు. నేను సరిగా చూడకుండానే చప్పట్లు పెట్టాను. తర్వాత నింపాదిగా చూశాను. ఆడబిడ్డ లేదు. అత్త లేదు. రంగులు తీసేసి, చీకటి పెంచి, కొంగుతో కళ్ళు తుడుచుకుంటున్న లక్ష్మక్కను ఒక్కదాన్నే మిగిల్చాడు. ఎవరు చూసినా ఏడుస్తోందనే అంటారు. అడుగున అతని పేరు. సిస్టర్ దగ్గర నేను ఆ మాట ఎత్తలేదు.

బహుమతి ప్రచారానికి ఆ ఫోటో పెద్ద ఫ్లెక్సీ అయి ధర్మవరంలో లక్ష్మక్క వీధి మొగలోకే వచ్చింది. ఆమెకు పని ఇచ్చే మగ్గాల యజమాని అది చూశాడు. తను కూలి ఎగ్గొట్టి ఏడిపిస్తున్నాడని లక్ష్మక్కే ఊరంతా చాటించిందనుకున్నాడు. కొత్త చీరకు పట్టునూలు ఇవ్వనన్నాడు. ఒక ఆదివారం పొద్దున నేను సిస్టర్ ఇంట్లో ఉండగా లక్ష్మక్క రైలు దిగి నేరుగా వచ్చింది. కూర్చోలేదు. "సిస్టరమ్మా, నేను నీ ముందర ఎప్పుడు ఏడ్చినా?" అంది. సిస్టర్‌కు వాట్సాప్ లేదు. నా ఫోన్లో ఆ ఫోటో చూసి ఆమె ముఖం నల్లబడిపోయింది. లోపలికి వెళ్ళి అసలు ఫోటో తెచ్చి, చెప్పులేసుకుని, "పాండి," అంది. ముగ్గురం ధర్మవరం వెళ్ళాం. యజమాని అసలు ఫోటోను అటూ ఇటూ తిప్పి చూశాడు. మేక కథ విన్నాడు. నవ్వాపుకోలేక, "ఇంతకీ ఈనిందా?" అని అడిగాడు. వారం తిరిగేసరికి నూలు ఇచ్చాడు. కానీ ఊరు ఊరుకుంటుందా? "ఏం లక్ష్మక్కా, ఏడుపు తగ్గిందా?" అని సంతలో చాలాకాలం ఎగతాళి చేశారు.

తర్వాతి సమావేశానికి ప్రభాకర్ స్వీటు డబ్బాతో వచ్చాడు. సిస్టర్ డబ్బా ముట్టుకోలేదు.

"ఏమప్పా ప్రభాకరూ, అది ఎవురు తీసిన ఫోటో?"

"మీరు తీసిందే సిస్టర్, కాదనడం లేదు. కానీ అది ఇంట్లో పెట్టుకునే ఫోటో. నేను ఎడిట్ చేసినాకే దానికి విలువ వచ్చింది. క్రాపింగ్ కూడా కళే కదా. నేతవాళ్ళ కష్టం నలుగురికీ తెలిసింది."

"కష్టం లేదని నేను అన్లేదు. ఆయమ్మ కష్టం చెప్పాలంటే ఆయమ్మని అడిగి చెప్పు. నవ్వును కోసి ఏడుపు చేసేదేందప్పా? దాన్ని నీ పేరు మీద అమ్ముకునేదేంది?"

"పోనీలే సిస్టర్, బహుమతి మన గ్రూపుకే కదా వచ్చింది," అన్నాడు లెక్చరరు. బ్యాంకాయన టీ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు. నేనూ ఏమీ అనలేదు. సిస్టర్ మమ్మల్ని ఒక్కొక్కరినే చూసింది.

హిందూపురంలో ప్రభాకర్‌కు సన్మానం పెట్టారు. సిస్టర్ లక్ష్మక్కను వెంటబెట్టుకుని వెళ్ళింది. దండ వేస్తుండగా లక్ష్మక్క వేదిక ముందుకు నడిచింది. "అప్పా, ఆ ఫోటోలో ఉండేది నేనే. నేను ఏడ్చలేదు. నవ్వినా. మా అత్త మేక గురించి చెప్తే నవ్వినా," అంది. హాల్లో కొందరు కిసుక్కుమన్నారు. మైకు పట్టుకున్నాయన, "అమ్మా, తర్వాత మాట్లాడుదాం," అని సినిమా పాట పెట్టించాడు. సిస్టర్ అసలు ఫోటోను రెండు చేతులా తలపైకెత్తి, పాట అయిపోయేదాకా అలాగే నిలబడింది. ఇరవై మందికి పైగా కెమెరాలు పట్టుకొచ్చిన హాలు అది. మనుషుల్ని చూడటం మాకు తెలుసని చెప్పుకు తిరిగే వాళ్ళం. ఆ పక్కపక్కన నిలబడిన ఇద్దరు ఆడవాళ్ళను ఒక్కరూ ఫోటో తీయలేదు. నా మెడలోనూ కెమెరా ఉంది.

బహుమతి ఎవరూ వెనక్కి తీసుకోలేదు. గ్రూపు ప్రభాకర్ కొట్టు పైగదికి మారింది, అక్కడ ఏసీ ఉంది. తర్వాతి మొదటి ఆదివారం నేనొక్కదాన్నే పెనుకొండలో ఆ గది తలుపు తట్టాను. తాడుకు ఏడెనిమిది క్లిప్పులు, రెండు ఫోటోలు. సిస్టర్ నాకు టీ పోసి, "ఆ పొద్దు ప్రభాకరు మాటలకి నీకు కోపమొచ్చిందా పాపా?" అంది.

"చాలా వచ్చింది సిస్టర్."

"మరి నోటిదాకా ఎందుకు రాలేదు?"

నేను లేచి వెళ్ళి నా ఫోటోకు క్లిప్పు సరిచేశాను. ఆమె రెట్టించలేదు. "సరే, చూద్దాం పా," అని నా ఫోటో ముందుకు జరిగింది. ఆమె పోయేదాకా అలా ఇద్దరమే, అప్పుడప్పుడూ లక్ష్మక్క కలిస్తే ముగ్గురం, ఆ గోడ ముందు కూర్చున్నాం. నన్ను మందలించి ఉంటే నా మౌనాన్ని నేను ఎప్పుడో మరిచిపోయేదాన్ని. ఆమె మందలించలేదు.

ఇప్పుడు ఆమె పేరుతో పెట్టిన ప్రదర్శనలోనూ "కన్నీటి మగ్గం"నే నడిమధ్యన తగిలించారని తెలిసింది. ఎవరు తీశారో, ఎక్కడ కోశారో, లక్ష్మక్క ఎందుకు నవ్విందో అంతా వాట్సాప్ గ్రూపులో రాశాను. గంటలోపే నన్ను గ్రూపులోంచి తీసేశారు.

ఈ నెల మా బడికి నోటుపుస్తకాలు పంచడానికి దాతలు వచ్చారు. వాళ్ళ కెమెరా మనిషి ఆరో తరగతి అమ్మాయిని ముందుకు లాగి, "నవ్వొద్దు పాపా. కొంచెం దిగులుగా పెట్టు మొగం. చెయ్యి చాపు," అన్నాడు. ఆ పిల్లకు దిగులంటే ఎలా పెట్టాలో తెలియక నా వైపు చూసింది. నేను వెళ్ళి కెమెరాకు, పిల్లకు మధ్య నిలబడ్డాను. "పుస్తకాలు ఇవ్వాలనుంటే ఇవ్వండి. మా పిల్లలు అడుక్కోవడం లేదు," అన్నాను. నా గొంతు గది చివరిదాకా వినపడింది. దాతలు పుస్తకాలు బల్ల మీద పడేసి వెళ్ళిపోయారు. హెడ్‌మాస్టరు సాయంత్రానికల్లా రాతపూర్వకంగా సంజాయిషీ అడిగారు. జరిగింది జరిగినట్టు రాసిచ్చాను. తప్పయింది అన్న మాట మాత్రం రాయలేదు.