ఈరన్న చేసిన కార్బన్

మా ఆళ్లగడ్డ కాలేజీ లాబ్‌లో ఒక్క సీసా అంగుళం పక్కకు జరిపి చూడండి, ఈరన్న ఎక్కడున్నా వచ్చి సరిచేస్తాడు. బేతంచెర్లలో పన్నెండేళ్లు నాపరాళ్లకు పాలిష్ పట్టిన మనిషి. రాతి దుమ్ముకు దగ్గు పట్టుకుంటే, పెండ్లాం రామలక్ష్మమ్మ పోట్లాడి మరీ తన పుట్టినూరికి తీసుకొచ్చి మా దగ్గర అటెండరుగా చేర్పించింది. రాళ్లు వదిలాడు గానీ, మూలలు సరిచూసే మూలమట్టం మాత్రం వదల్లేదు. అన్నం డబ్బా కూడా బల్ల అంచుకు సమంగానే పెడతాడు. చూస్తే నాకు ఒళ్లు మండేది.

నేను కెమిస్ట్రీ చెబుతాను. నంద్యాల నుంచి బస్సులో నిలబడి వచ్చేసరికి కోపం నా ముక్కు మీదే ఉంటుంది, ఒప్పుకుంటాను. ఈ ఏడు బైపీసీలో లూదియా అనే పిల్ల చేరింది. పుట్టుకతోనే చూపు లేదు. బొమ్మ చూడలేని పిల్లకు అణువుల ఆకారాలు ఎట్లా చెప్పాలో నాకు తెలియలేదు. తెలియదని చెప్పుకోవడానికి నామోషీ. అందుకే ఆమెను ఆర్ట్స్‌కు మారుస్తూ కాగితం రాసి పెట్టుకున్నాను.

"విత్తనం ఎట్ల మొలుస్తాదో తెలుసుకోవాలని చేరినా మేడం," అంది ఆ పిల్ల, కాగితం సంగతి చెబితే.

"అయితే సోమవారం దాకా టైమిస్తా. ప్రాణమంతా కార్బన్ మీదే ఎందుకు నిలబడిందో ఆకారంతో సహా చెప్పు. చెప్పలేకపోతే ఈ కాగితం మీద సంతకం పెట్టు," అన్నాను.

శనివారం లాబ్‌లో నేను రికార్డులు దిద్దుతుంటే, ఈరన్న తట్ట నిండా నల్లరేగడి ఉండలు తెచ్చి లూదియా ముందు పెట్టాడు. ఒక్కోదానికి నాలుగు దిక్కులకూ నాలుగు చీపురుపుల్లలు గుచ్చి ఉన్నాయి.

"కార్బన్‌కు నాలుగు చేతులంట గదా పాపా. తడిమి చూడు."

లూదియా తడిమి నవ్వింది. "ఏందన్నా ఇది, రొట్టె మాదిరి పరిచినావ్?"

"మూలమట్టం పెట్టి గుచ్చినా! వెంట్రుకంత తేడా లేదు!"

"ఆ చేతులు ఒకదానికొకటి పడవంట అన్నా. ఎంత దూరం పోగలిగితే అంత దూరం పోతాయంట. పైనా కిందా ఇంత ఖాళీ ఉంటే, బల్ల మీదే ఎందుకు పడుకుంటాయి?"

నా పెన్ను ఆగిపోయింది. చూపున్న అరవై మందిలో ఒక్కరూ నన్ను ఆ మాట అడగలేదు.

ఈరన్న మొహం ముడుచుకుని, ఉండలు పారబోద్దామని బయటికి పోయాడు. మరుక్షణం "అబ్బా! దీన్ని తగలెయ్యా!" అంటూ కుంటుకుంటూ తిరిగొచ్చాడు. పల్లేరుకాయ ముల్లు చెప్పులోంచి దిగింది. పీకి పారేయబోయి ఆగాడు. దాన్ని బల్ల మీద వేశాడు. మళ్లీ తీసి వేశాడు.

"పాపా, చెయ్యి పట్టు. మెల్లగా, గుచ్చుకుంటాది. నాలుగు ముళ్లు. ఎట్లేసినా మూడు కింద నిలబడి, ఒకటి పైకే లేస్తాంది!"

"ఇదే అన్నా! ఇదే!" అని అరిచింది లూదియా. సాయంత్రం దాకా ఇద్దరూ మట్టి పిసుకుతూనే ఉన్నారు.

సోమవారం లూదియా నా ముందు నిలబడి ఉండకు ఉండ తగిలించింది. "తనలాంటి దాన్నే పట్టుకొని ఎంత పొడవైనా పోతాది మేడం. కొమ్మలేస్తాది, చక్రం చుడతాది. విత్తనంలో పిండైనా నూనైనా దీని అల్లికే."

నేను ఊరుకుంటానా? "ఇసుకలో ఉండే సిలికాన్‌కూ నాలుగు చేతులే. మరి అదెందుకు పనికిరాలేదు?"

"అది లావు మేడం. తన జతదాన్ని గట్టిగా పట్టుకోలేదు. ఆక్సిజన్ దొరికితే దాన్ని పట్టుకొని రాయైపోతాది. కార్బన్ ఆక్సిజన్‌తో కలిసినా గాలై బయటికి పోతాది. మనం ఊపిరితో ఇసుక వదల్లేం గదా!"

"నిజమే పాపా," అన్నాడు వెనక నుంచి ఈరన్న. "పన్నెండేండ్లు రాతి దుమ్ము పీల్చినా. లోపలికి పోయిందే గానీ బయటికి రాలా."

నాకు సిగ్గేసింది. కాగితం తీసి నాలుగు ముక్కలు చేశాను. ఆ చప్పుడుకే లూదియా మొహం విచ్చుకుంది.

"రేపు ఏం పాఠం మేడం?"

"బెంజీన్. ఆరు కార్బన్ల చక్రం. అది మాత్రం బల్లపరుపుగానే ఉంటుంది."

"పలకే గదా మేడం!" ఈరన్న లేచి నిలబడ్డాడు. "మూలమట్టం తెస్తా!"

"అక్కర్లేదు. దాని మూలలు తొంభై డిగ్రీలు కాదు, నూట ఇరవై."

"అయితే నూటిరవైకి కొత్త మట్టం చేసుకుంటా," అన్నాడు ఈరన్న.

"అన్నా, మట్టి నేను కలుపుతా," అంది లూదియా.